కౌలు భూమి, సొంత భూమి – మట్టి సారం

వేసవి ముగిసి ఏరువాక దగ్గరపడే రోజులలో సరిహద్దు గ్రామాలలో కౌలు మాటలు మొదలవుతాయి. పట్నంలో ఉద్యోగం చేసే అన్నగారి నాలుగెకరాలు ఈ ఏడు ఎవరు చేయాలి, నిరుటి రైతుకే ఇవ్వాలా, రెండు బస్తాలు ఎక్కువ ఇస్తామన్న కొత్తవారికి ఇవ్వాలా అన్న చర్చ ఇంటింటా నడుస్తుంది. కౌలు ఎంత, ముందుగా ఇచ్చే సొమ్ము ఎంత, నీటి వంతు ఎప్పుడు అన్న సంగతులన్నీ మాట్లాడుకుంటారు. ఆ చేని మట్టిని గురించి మాట్లాడుకొనడం మాత్రం అరుదు. పది పదిహేనేండ్ల తరువాత ఆ పొలం పిల్లల చేతికి వచ్చేనాటికి అది ఎంత పండుతుందో నిర్ణయించేది ఆ మట్టే.

కౌలుకు ఇస్తే భూమి చెడిపోతుందని పెద్దలు అంటారు. భూమి ఉన్నవారు ఆ మాటను కౌలు రైతు మీద నిందగా చెబుతారు. కౌలు రైతులేమో తమకు ఏడాదికి మించి నమ్మకం ఇవ్వని వారే ఆ నష్టానికి కారకులని అంటారు. ఈ రెండు వాదాలలో నిజమెంత, మట్టి సారానికి, భూమిపై హక్కుకు గల సంబంధం ఏమిటి, చట్టాలు దానిని ఎలా మార్చాయి, సామాన్య కుటుంబాలు ఏమి చేయవచ్చు అన్న విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఒకే పద్ధతి, అనేక పేర్లు

పరుల భూమిని సాగుచేసి ప్రతిఫలం చెల్లించే పద్ధతి అన్ని ప్రాంతాలలోనూ ఉన్నది. కోస్తా జిల్లాలలో కౌలు, మక్త అంటారు. రాయలసీమలోను, దానిని ఆనుకొని ఉన్న ప్రాంతాలలోను గుత్త అన్న మాట వినిపిస్తుంది. కన్నడంలో గేణి, గుత్తిగె అని, తమిళంలో కుత్తగై అని వ్యవహరిస్తారు. గుత్త, గుత్తిగె, కుత్తగై అన్న మూడు మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే అవి ఒకే కుటుంబానికి చెందినవని బోధపడుతుంది. పంటను పంచుకొనే పద్ధతిని తెలుగులో కోరు, పాలు అని, తమిళంలో వారం అని, మరాఠీలో బటాయి అని, ఒడియాలో భాగచాష అని అంటారు.

పేర్లు ఎన్ని ఉన్నా పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది స్థిరమైన కౌలు. పంట పండినా పండకపోయినా ఇన్ని బస్తాలు లేదా ఇంత రొక్కం ఇవ్వవలసినదే. రెండవది పంట పాలు. పండినదానిలో సగమో, మూడవ వంతో భూమి గలవారికి చెందుతుంది. ఈ రెండు పద్ధతులూ మట్టిపై వేర్వేరు ఒత్తిళ్ళను తెస్తాయి.

మట్టి సారం అంటే ఏమిటి?

పైరు ఏపుగా ఉన్నంత మాత్రాన మట్టి బలంగా ఉన్నదని చెప్పలేము. యూరియా చల్లిన పది రోజులకు బలహీనమైన చేను కూడా పచ్చబడుతుంది. మట్టి సారాన్ని నిలబెట్టేది ముఖ్యంగా దానిలోని సేంద్రియ పదార్థం. పశువుల ఎరువు, ఆకు, మోళ్ళు, వేళ్ళు కుళ్ళి మట్టిలో కలిసిన భాగమే ఇది. ఇది నీటిని పట్టి ఉంచుతుంది, వేసిన ఎరువు కొట్టుకుపోకుండా ఆపుతుంది, వానపాములకు, సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది.

మట్టి పరీక్షలో దీనిని సేంద్రియ కర్బనం పేరుతో కొలుస్తారు. అది 0.5 శాతం కంటే తక్కువగా ఉంటే తక్కువ అని, 0.5 నుండి 0.75 శాతం వరకు మధ్యస్థమని, ఆపైన ఉంటే ఎక్కువ అని పరిగణిస్తారు. మన ఎండలకు సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది. దానిని అర శాతం నుండి ముప్పాతిక శాతానికి పెంచడానికి ఒక పంటకాలం చాలదు, ఏండ్ల తరబడి ఎరువు వేయాలి. తగ్గించడానికి అంత కాలం అక్కరలేదు.

దీనితో పాటు మట్టి ఆమ్ల క్షార గుణం, లవణాల మోతాదు, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, బోరాన్ వంటి పోషకాలు కూడా ముఖ్యం. కేంద్ర ప్రభుత్వం 2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో ప్రారంభించిన భూసార కార్డుల పథకంలో ఇటువంటి 12 అంశాలను పరీక్షించి రైతుకు తెలియజేస్తారు.

పెట్టిన సొమ్ము తిరిగి వచ్చే కాలం

కౌలుకు, మట్టికి గల సంబంధం ఇక్కడే మొదలవుతుంది. చేనులో పెట్టే ప్రతి పెట్టుబడికి ఫలితం ఇచ్చే కాలం ఒకటి ఉంటుంది.

యూరియా ఫలితం ఆ పంటలోనే తెలుస్తుంది. భాస్వరం ఎరువులో మొదటి పంట తీసుకొనేది కొద్ది భాగమే. మిగిలినది మట్టిలో నిలిచి తరువాతి పంటలకు కొంత కొంతగా అందుతుంది. వరిలో జింకు లోపం ఉన్న చేలకు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటును మూడు పంటలకు ఒకసారి వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు సిఫారసు చేస్తారు. అంటే ఒకసారి వేసినది మూడు పంటలకు పనిచేస్తుంది. పశువుల ఎరువు నుండి మొదటి పంటకు అందేది ఒక భాగమే. మిగిలిన బలం రెండవ, మూడవ ఏడులలో కనిపిస్తుంది. గొర్రెల మంద కట్టించిన చేను మరుసటి పంటలో కూడా తేడా చూపుతుంది. చెరువు పూడిక మట్టి తోలితే ఫలితం అనేక సంవత్సరాలు నిలుస్తుంది. గట్లు వేయడం, చేను చదును చేయడం, మురుగు కాలువ తీయడం, గట్ల మీద కానుగ, గ్లైరిసీడియా వంటి పచ్చి ఆకు చెట్లు పెంచడం ఇంకా దీర్ఘకాలిక పనులు.

లెక్క సులభంగా తెలియడానికి కొన్ని ఊహించిన అంకెలు తీసుకుందాము. ఒక రైతు ఎకరానికి 9,000 రూపాయల పశువుల ఎరువు తోలించాడు. దాని వలన మొదటి ఏడు 4,000, రెండవ ఏడు 3,000, మూడవ ఏడు 3,000 రూపాయల అదనపు ఆదాయం వచ్చిందనుకుందాము. మూడేండ్లూ ఆ చేను చేసినవాడికి 1,000 రూపాయలు మిగులుతాయి. రెండేండ్లకే చేను వదులుకున్నవాడికి 2,000 రూపాయల నష్టం. ఒక్క ఏడుతో వదులుకున్నవాడికి 5,000 రూపాయల నష్టం. చేను అదే, ఎరువు అదే, చేసే మనిషి కూడా ఒక్కడే. చేనులో ఎన్నాళ్ళు ఉంటాడన్న ఒక్క సంగతి వలన లాభం నష్టంగా మారింది.

ఏడాది కౌలు రైతు యూరియా మీద ఆధారపడి, దిబ్బ ఎరువును తన సొంత మడికి తరలించడానికి కారణం ఈ లెక్కే. అతనికి మట్టి మీద ప్రేమ లేదని చెప్పడం న్యాయం కాదు. తన అరెకరం సొంత చేనుకు బండ్లకొద్దీ పెంట తోలే రైతే పక్కనున్న కౌలు చేనుకు బస్తా ఎరువుతో సరిపెట్టడం చాలా ఊళ్ళలో కనిపించే దృశ్యం.

పచ్చిరొట్ట పైర్లకు మరొక చిక్కు ఉన్నది. జీలుగ, జనుము, పిల్లిపెసర వంటివి తొలకరి తడికి చల్లి, 45 నుండి 50 రోజులకు పూత దశలో కలియదున్నాలి. దీనికి అసలు పంట కంటే నెలన్నర ముందే చేను రైతు చేతికి రావాలి. కౌలు మాట జూన్ చివరి వరకు తెగకపోతే, విత్తనం రాయితీపై దొరికినా పచ్చిరొట్ట వేయడానికి వ్యవధి ఉండదు.

కౌలు పద్ధతిని బట్టి తేడా

స్థిరమైన కౌలులో అదనంగా పండినదంతా రైతుదే కనుక ఆ ఏటి పంటపై శ్రద్ధ ఎక్కువగా ఉంటుంది. అయితే కౌలు బరువు పెరిగిన కొద్దీ ఆ ఏడే మట్టి నుండి వీలైనంత రాబట్టుకోవాలన్న తొందర కూడా పెరుగుతుంది. పంట పోయినా కౌలు తప్పదు కనుక మరుసటి ఏటికి మిగిల్చే ఆలోచనకు చోటు తక్కువ.

పంట పాలులో నష్టం ఇద్దరికీ పంచబడుతుంది. కాని ఎరువు ఖర్చంతా రైతుదై, అదనపు పంటలో సగం భూమి గలవారిదైతే, ఎరువు వేయాలన్న ఉత్సాహం సగమవుతుంది. ఆంగ్ల ఆర్థిక శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో ప్రచురించిన గ్రంథంలో ఈ లోపాన్ని చర్చించాడు. ఖర్చులో కూడా అదే నిష్పత్తిలో భాగం పంచుకుంటే ఈ లోపం చాలావరకు తొలగుతుంది. ఎరువులో సగం భూమి గలవారు భరించే కోరు పద్ధతి అనుభవం నేర్పిన సరిదిద్దుబాటే.

వరి గడ్డి, చొప్ప ఎవరికి చెందాలన్నది కూడా మట్టికి సంబంధించినదే. గడ్డి ఆ ఊరి పశువులకు చేరి పెంటగా తిరిగి వస్తే చేనుకు కొంత సారం మరలుతుంది. గడ్డిని అమ్మివేసినా, చేనులోనే తగులబెట్టినా ఆ మేరకు సేంద్రియ పదార్థం పోయినట్లే.

పరిశోధనలు తేల్చినది

ఈ విషయాన్ని అనేక దేశాలలో పరిశోధకులు పరీక్షించారు. కౌలు చేను బలహీనంగా ఉన్నంత మాత్రాన కౌలే కారణమని చెప్పడానికి వీలు లేదు. భూమి గలవారు మంచి చేనును తమ కింద ఉంచుకొని, దూరంగా ఉన్నదో చౌడు చేనో కౌలుకు ఇచ్చి ఉండవచ్చు. అందుచేత ఒకే రైతు చేసే సొంత చేనును, కౌలు చేనును పోల్చి చూడడం సరైన మార్గం.

పాకిస్తాన్ గ్రామాల సమాచారంతో హనన్ జాకోబీ, గజాలా మన్సూరీ 2008లో ప్రచురించిన అధ్యయనం కౌలు చేలలో పశువుల ఎరువు వంటి దీర్ఘకాలిక పెట్టుబడి తగ్గుతున్నదని చూపింది. చేను చేతిలో ఉంటుందన్న భరోసా పెరిగిన చోట కౌలు చేలలో కూడా ఆ పెట్టుబడి పెరిగినదని కూడా ఆ అధ్యయనంలో తేలింది. జాకోబీ, లీ, రోజెల్ 2002లో ఉత్తర చైనా గురించి ప్రచురించిన అధ్యయనంలోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది. అక్కడ గ్రామ పాలకులు పొలాలను మళ్ళీ మళ్ళీ పంచుతూ ఉండేవారు. చేను చేజారే భయం పెరిగినప్పుడు రైతులు సేంద్రియ ఎరువును తగ్గించారు. ఆఫ్రికాలోని ఘనాలో గోల్డ్‌స్టీన్, యూడ్రీ 2008లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఊరిలో పలుకుబడి లేనివారు చేనును బీడుగా వదిలి సారం పెంచుకొనడానికి జంకారు. సాగు ఆపితే చేను తమ చేతి నుండి పోతుందన్నది వారి భయం.

మన దేశంలో పశ్చిమ బెంగాల్ ఉదాహరణ ప్రసిద్ధమైనది. అక్కడ 1978లో ఆరంభమైన ఆపరేషన్ బర్గా కింద పంట పాలు రైతుల పేర్లు నమోదు చేసి, నిర్ణీత పాలు చెల్లించినంత కాలం వారిని తొలగించరాదని నిర్దేశించారు. ఆ తరువాత అక్కడి వ్యవసాయ దిగుబడి పెరగడంలో ఈ సంస్కరణకు గణనీయమైన భాగం ఉన్నదని బెనర్జీ, గెర్ట్‌లర్, ఘటక్ 2002లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. ఆ రైతులు భూమికి యజమానులు కాలేదు. వారికి దక్కినది మరుసటి ఏడు కూడా ఆ చేను తమదేనన్న నమ్మకం.

ఈ ఫలితాల సారాంశం ఒక్కటే. మట్టిని కాపాడేది పట్టా కాగితం మీది పేరు కంటే, దున్నేవాడికి ఆ చేనుపై ఉన్న కాలపరిమితి.

చట్టాలు చేసిన మేలు, మిగిల్చిన చిక్కు

స్వాతంత్ర్యం తరువాత వచ్చిన కౌలు చట్టాల ఉద్దేశం దున్నేవాడికి రక్షణ కల్పించడమే. సరిహద్దుకు రెండు వైపులా ఈ చట్టాలు వేర్వేరుగా ఉన్నాయి.

1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం తెలంగాణ, మరాఠ్వాడా, నేటి కల్యాణ కర్ణాటక ప్రాంతాలకు వర్తించి, రక్షిత కౌలుదారులు అన్న వర్గాన్ని గుర్తించింది. మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ఈ చట్టం కిందికి వచ్చినది. సిరొంచ తాలూకా ఉన్న విదర్భకు 1958లో వేరే చట్టం వచ్చింది. సోలాపూర్ వంటి పాత బొంబాయి ప్రాంతంలో 1948 చట్టం కింద 1957 ఏప్రిల్ 1వ తేదీని దున్నేవారి దినంగా నిర్ణయించి, కౌలుదారులకు భూమి కొనుక్కొనే హక్కు కల్పించారు.

ఆంధ్ర ప్రాంతానికి 1956లో కౌలుదారీ చట్టం వచ్చింది. తమిళనాడులో 1955 చట్టం, కౌలు చెల్లిస్తున్న సాగుదారును తొలగించకుండా రక్షణ ఇచ్చింది. 1969 చట్టం కౌలు హక్కుల నమోదుకు దారి చూపింది. కర్ణాటకలో 1961 భూసంస్కరణల చట్టాన్ని 1974లో సవరించి, ఆ ఏటి మార్చి 1 నుండి కౌలు భూములు ప్రభుత్వానికి దఖలు పడినట్లు ప్రకటించారు. భూన్యాయ మండలుల ద్వారా ఎందరో గేణిదారులు సొంతదారులయ్యారు. సైనికులు, నావికులు వంటి కొందరికి తప్ప కొత్తగా కౌలుకు ఇవ్వడాన్ని నిషేధించారు. ఒడిశాలో 1960 భూసంస్కరణల చట్టం కూడా కొన్ని మినహాయింపులతో కౌలును నిషేధించింది.

ఈ చట్టాల వలన భూమి దక్కిన కుటుంబాలు ఆ భూమిని బాగుచేసుకున్నాయి. అయితే చట్టం నిషేధించినంత మాత్రాన కౌలు ఆగిపోలేదు. ఉద్యోగాలకు వెళ్ళినవారు, వృద్ధులు, వితంతువులు భూమిని ఇతరులకు ఇవ్వక తప్పలేదు. చట్టం దృష్టిలో లేని కౌలు నోటిమాటగా మిగిలింది. ఒకే రైతు చేతిలో చాలా ఏండ్లు ఉంటే హక్కు అడుగుతాడేమోనన్న భయంతో ఏటేటా రైతును మార్చే అలవాటు పెరిగింది. గట్టు మీద చెట్టు నాటినా, బోరు వేసినా, మట్టి తోలినా అది హక్కుకు సాక్ష్యమవుతుందని అనుమానించి వద్దనేవారు ఉన్నారు. రైతును కాపాడడానికి చేసిన చట్టం నోటిమాట కౌలులో మట్టికి ఈ విధంగా ఎదురు తిరిగింది.

ఈ చిక్కును విడదీయడానికి తరువాత కొన్ని ప్రయత్నాలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో భూమి అధీకృత సాగుదారుల చట్టం వచ్చి, కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం చేసి, 11 నెలల ఒప్పందంపై కార్డులు ఇచ్చే పద్ధతి తెచ్చారు. భూమిపై యజమాని హక్కుకు భంగం లేదని స్పష్టం చేసినా, కార్డుకు యజమాని సమ్మతి అవసరం. ఇందువలన పంట రుణం, పంట నష్ట పరిహారం పొందే మార్గం ఏర్పడింది. కాని మట్టి కోణంలో చూస్తే 11 నెలలు ఒక ఏటి పంటలకు సరిపోయే కాలమే. ఎరువు ఫలితం మూడవ ఏటికి గాని పూర్తిగా రాదు.

ఒడిశాలో 2020లో మొదలైన బలరామ్ పథకం భూమి లేని సాగుదారులకు ఉమ్మడి బాధ్యత సంఘాల ద్వారా రుణం అందించడానికి ఉద్దేశించినది. మరొక వైపు 2018లో తెలంగాణలో ఆరంభమైన రైతుబంధు, 2019లో కేంద్రం ప్రకటించిన పి.ఎం. కిసాన్ పథకాలు భూమి పేరున ఉన్నవారికే సాయం అందించేలా రూపొందాయి. ఆ సొమ్ము చేను చేసే చేతికి చేరేదీ చేరనిదీ భూమి గలవారి మనసుపై ఆధారపడింది.

నీతి ఆయోగ్ నియమించిన టి. హక్ కమిటీ 2016లో ఒక నమూనా కౌలు చట్టాన్ని రూపొందించింది. కాలపరిమితిని ఇరుపక్షాలు నిర్ణయించుకోవడం, యజమాని హక్కుకు పూర్తి రక్షణ దానిలోని ముఖ్యాంశాలు. కౌలు ముగిసేనాటికి రైతు పెట్టిన దీర్ఘకాలిక పెట్టుబడిలో ఇంకా ఫలితం ఇవ్వని భాగాన్ని అతనికి తిరిగి ఇవ్వాలని కూడా అందులో ప్రతిపాదించారు. మట్టి దృష్టితో చూస్తే ఈ చివరి అంశం అన్నిటికంటే విలువైనది.

తుంగభద్ర ఆయకట్టు చెప్పే పాఠం

తుంగభద్ర జలాశయం 1953లో సిద్ధమైన తరువాత కృష్ణా, గోదావరి, గుంటూరు ప్రాంతాల నుండి అనేక కుటుంబాలు వెళ్ళి సింధనూరు, గంగావతి, మాన్వి, సిరుగుప్ప తాలూకాలలో భూములు కొని క్యాంపులు కట్టుకున్నాయి. బీడు నేలలను చదును చేసి, గట్లు వేసి, ఆ ప్రాంతాన్ని కర్ణాటక ధాన్యాగారంగా మార్చడంలో వారి శ్రమ చాలా ఉన్నది. సొంత భూమి అన్న ధైర్యం ఉన్నందువలననే అంత పెట్టుబడి సాధ్యమైంది.

అదే ఆయకట్టులో మరొక సంగతి కూడా జరిగింది. ఆ కాలువలు చాలావరకు ఆరుతడి పంటల కొరకు రూపొందినవి. ఎగువ భాగాలలో వరి విస్తరించింది. నల్లరేగడి నేలలో నీరు ఇంకక, మురుగు పోయే దారి లేక పల్లపు చేలలో ఊట పెరిగి, లవణాలు పైకి తేలి వేల ఎకరాలు చౌడుబారాయి. దిగువ చేలకు నీరు చాలక పోయింది. గంగావతి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఈ చౌడు నేలల మీద, భూగర్భ మురుగు గొట్టాల మీద ఏండ్ల తరబడి పరిశోధనలు జరిగాయి.

ఇందులో పాఠాలు రెండు. సొంత భూమి అయినంత మాత్రాన మట్టి క్షేమంగా ఉండదన్నది మొదటిది. ఎగువ రైతు పెట్టే నీరు దిగువ రైతు చేనును చెడగొడితే, ఆ నష్టం ఎగువ రైతు లెక్కలోకి రాదు. రెండవది, చౌడు బాగుచేయడం ఏడాది కౌలు రైతు వలన అయ్యే పని కాదు. లవణాలు తెల్లగా పేరుకొనే పాల చౌడుకు మురుగు దారి తీసి మంచి నీటితో కడగాలి. ఉదజని సూచిక 8.5 దాటిన కారు చౌడుకు మట్టి పరీక్ష ప్రకారం జిప్సం వేసి, ఆపైన పచ్చిరొట్ట కలియదున్నాలి. మురుగు గొట్టాలు వేయాలంటే ఒక్క చేను రైతు చాలడు, పక్క చేల వారందరూ కలిసి రావాలి. అటువంటి చేను కౌలుకు వెళితే ఖర్చు ఎవరు పెట్టాలో తేలక ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లు అవుతుంది.

యానాం చుట్టూ ఉన్న గోదావరి డెల్టాలోనూ ఇటువంటి సమస్య ఉన్నది. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన నాడు గిట్టుబాటు ధరతో పాటు మురుగు కాలువల దుస్థితి కూడా చర్చకు వచ్చింది. ఉప్పు నీటి చెరువులకు వరి భూమిని కౌలుకు ఇచ్చినప్పుడు రొక్కం ఎక్కువగా వస్తుంది. ఆ తరువాత ఆ చేనును, ఊట దిగిన పక్క చేనును తిరిగి వరికి మరల్చడం కష్టం. ఇటుక బట్టీలకు పైమట్టి అమ్ముకొనడం కూడా సాధారణంగా సొంతదారు నిర్ణయమే. అంగుళం మందం పైమట్టి ఏర్పడడానికి ప్రకృతికి కొన్ని వందల ఏండ్లు పడుతుంది.

కుటుంబాలు చేయగలిగినవి

చట్టం మారేవరకు మట్టి ఆగదు. భూమి ఇచ్చేవారు, తీసుకొనేవారు కలిసి ఆలోచిస్తే నష్టాన్ని చాలావరకు తగ్గించవచ్చు.

మొదటిది, మట్టి పరీక్ష. చేను అప్పగించేటప్పుడు, తిరిగి తీసుకొనేటప్పుడు ఇద్దరి సమక్షంలో నమూనా తీయించాలి. చేనులో అడ్డదిడ్డంగా ఎనిమిది పది చోట్ల, ఆరు అంగుళాల లోతున ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో గుంట తీసి, పక్క నుండి మట్టి గీకి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకొంటూ అర కిలోకు తగ్గించాలి. గట్ల దగ్గర, చెట్ల కింద, పెంట కుప్ప వేసిన చోట తీయరాదు. భూసార కార్డు యజమాని పేరున ఉన్నప్పటికీ దాని నకలును సాగుదారుకు ఇవ్వాలి. ఎరువు కొనేది అతనే.

రెండవది, మాటను ముందుగా తేల్చుకొనడం. ఏప్రిల్‌లోనే కౌలు ఖాయమైతే పచ్చిరొట్టకు, మంద కట్టించడానికి, వేసవి దుక్కికి వ్యవధి దొరుకుతుంది.

మూడవది, మూడేండ్ల అవగాహన. చట్టం అనుమతించే చోట మూడేండ్లకు ఒప్పందం చేసుకొనడం ఉత్తమం. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలు ఒప్పందాన్ని సాధారణంగా రిజిస్టరు చేయించాలి. కర్ణాటక, ఒడిశా వంటి చోట్ల కౌలుపైనే నిషేధం ఉన్నందున కాగితం వ్రాసే ముందు న్యాయవాదిని సంప్రదించడం అవసరం. ఒప్పందం ఏటేటా వ్రాసుకొనే చోట కూడా, మట్టి చెడకుండా చూసినంత కాలం రైతును మార్చబోమని ఇరు కుటుంబాలు పెద్దల ఎదుట అనుకొనవచ్చు.

నాలుగవది, దీర్ఘకాలిక ఖర్చును విడదీసి చూడడం. విత్తనం, యూరియా వంటి ఆ ఏటి ఖర్చు సాగుదారుది. చెరువు మట్టి, జిప్సం, గట్లు, మురుగు కాలువ వంటివి భూమి విలువను పెంచుతాయి కనుక వాటి ఖర్చును యజమాని భరించాలి, లేదా కౌలులో తగ్గించాలి. తెలంగాణలో 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో చెరువుల పూడిక మట్టిని రైతులు తమ చేలకు తోలుకున్నారు. అటువంటి అవకాశం వచ్చిన ఏడు కౌలు చేను బండి ఖర్చు దగ్గర ఆగిపోకుండా చూడవలసినది యజమానే.

ఐదవది, వదిలి వెళ్ళే రైతుకు పరిహారం. పైన చెప్పిన 9,000 రూపాయల లెక్కలో ఒక ఏటి తరువాత చేను తిరిగి తీసుకుంటే, మట్టిలో ఇంకా 6,000 రూపాయల ఫలితం మిగిలి ఉన్నది. దానిలో న్యాయమైన భాగాన్ని పాత రైతుకు ఇప్పించి, కొత్త రైతు కౌలులో కలుపుకొనవచ్చు. ఈ ఒక్క నియమం ఉంటే ఏడాది రైతు కూడా ఎరువు వేయడానికి వెనుదీయడు.

పొలం కౌలుకు ఇచ్చే ఇంట్లో అడగవలసిన ప్రశ్న ఈ ఏడు రెండు బస్తాలు ఎక్కువ ఎవరు ఇస్తారన్నది మాత్రమే కాదు. మూడేండ్ల తరువాత ఆ చేను ఎలా ఉండాలన్నది కూడా అడగాలి. సేంద్రియ కర్బనం తగ్గిన చేనుకు కాలక్రమంలో దిగుబడి తగ్గుతుంది, దిగుబడి తగ్గిన చేనుకు కౌలు కూడా తగ్గుతుంది. అప్పుడు ఆ రెండు బస్తాలూ, వాటితో పాటు మరికొన్నీ పోతాయి. నమ్మకంగా చేసే రైతును నిలుపుకొనడం భూమి గలవారికి ధర్మం మాత్రమే కాదు, తమ ఆస్తికి వేసుకొనే గట్టు కూడా.